మూడు తలుపుల మేడమ్

బళ్ళో పిల్లలకి సహాయ సేవలు ఎక్కువైపోయాయని గొణిగే తాతయ్యలందరికీ ఇదే నా బహిరంగ సవాలు! రెండో తరగతి పిల్లకి కౌన్సెలింగ్ ఏమిటి, పలక పట్టిన వాడికి ఒత్తిడి ఏమిటి అని మీరు మూతి విరుస్తున్నారు. నేను మాత్రం చెబుతున్నాను, రాసి పెట్టుకోండి. వాషింగ్ మెషీన్ తర్వాత మనిషి కనిపెట్టిన అంత గొప్ప సదుపాయం ఇదొక్కటే!

మన కాలంలో ఏముండేది? బెత్తం. చదువుకి అదే, మనసుకి అదే, ఒంటికీ అదే. దాన్ని చూడగానే ఎక్కాలు వచ్చేవి, ఏడుపు ఆగిపోయేది, జ్వరం దిగిపోయేది. దిగకపోతే దిగినట్టు నటించేవాళ్ళం. ఫారం నింపే పనిలేదన్నదొక్కటే దానికున్న సుగుణం.

ఇప్పటి సంగతి నాకెలా తెలిసిందంటారా? మా మనవరాలి కడుపునొప్పి పుణ్యమా అని తెలిసింది.

మా మనవరాలిని ఇంట్లో అందరం పిడుగు అంటాం. రెండో తరగతి. వాళ్ళమ్మ, అంటే మా అమ్మాయి, ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. పొద్దున్న పోతే సాయంత్రానికి గాని రాదు. కాబట్టి బడి నుంచి వచ్చే ఫోన్లన్నీ నావే. పిడుగుకి నెల రోజులుగా ఒక విచిత్రమైన నొప్పి పట్టుకుంది. సరిగ్గా పదకొండు గంటలకి వస్తుంది, పన్నెండింటికి పోతుంది. ఆదివారం సెలవు తీసుకుంటుంది. ఇంత క్రమశిక్షణ ఉన్న రోగాన్ని నేను నా జన్మలో చూడలేదు.

ఒక మంగళవారం పది నిమిషాల తేడాలో మూడు ఫోన్లు వచ్చాయి.

మొదటిది చదువు సహాయ విభాగం. గొంతు గట్టిగా ఉంది. “మీ పాప చదివే పీరియడ్‌లో క్లాసులో ఉండట్లేదండీ.”

రెండోది మనో సహాయ విభాగం. గొంతు తేనె. “మీ పాప ఈమధ్య దిగులుగా ఉంటోందండీ, ఇంట్లో అంతా బాగానే ఉందా?”

మూడోది ఆరోగ్య సహాయ విభాగం. గొంతులో పరుగు. “మీ పాపకి రోజూ కడుపునొప్పండీ, ఒకసారి వస్తారా?”

పాఠకులారా, నేను ముప్పై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. ఏ ఊళ్ళో ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారో దగ్గుని బట్టి చెప్పిన చెవులివి. ఆ మూడు గొంతులూ ‘హలో’ అనేముందు చిన్నగా ఎక్కిళ్ళలాంటి ఊపిరి తీసుకున్నాయి. మూడూ ఒకటే గొంతు! నా చెవిలోనా పువ్వు పెట్టేది? చెప్పులేసుకుని బయల్దేరాను.

బడి వెనక వరండాలో మూడు తలుపులు, మూడు బోర్డులు. మొదటి తలుపు తోశాను. బల్ల వెనక ఒక సన్నటి ఆవిడ, నలభై ఏళ్ళుంటాయి, ముక్కు మీద కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది.

“పాప చదువులో వెనకబడుతోందండీ. ఇది మనసుకి సంబంధించిన విషయం కావచ్చు. పక్క విభాగానికి సిఫారసు చేస్తున్నాను. దయచేసి అక్కడ కలవండి.”

బయటికొచ్చి, ఆరు అడుగులు నడిచి, రెండో తలుపు తోశాను. అదే ఆవిడ! కళ్ళజోడు తీసేసి భుజాల మీద శాలువా కప్పుకుంది. కాస్త ఆయాసపడుతోంది.

“రండమ్మా, కూర్చోండి. చదువు విభాగం వాళ్ళు మీ గురించి చెప్పారు.”

“ఎప్పుడు చెప్పారు తల్లీ?”

“ఇప్పుడేనండీ.”

“మంచివాళ్ళేనా వాళ్ళు?”

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. “పని ఒత్తిడిలో ఉన్నట్టున్నారండీ పాపం,” అంది.

మూడో తలుపు తోసేసరికి తెల్లకోటు తొడుక్కుంటూ ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి బయట దొరికిపోయింది. అప్పుడు చూశాను, మధ్యనున్న తెరలు పక్కకి జరిగి ఉన్నాయి, లోపల ఉన్నది ఒకటే గది. మూడు తలుపులూ అందులోకే! మధ్యలో మూడు బల్లలు, చక్రాలున్న కుర్చీ ఒకటి. ఆరువందల నలభై మంది పిల్లలకి మూడు విభాగాలు, మూడు విభాగాలకి ఒక మనిషి.

“తనిఖీకి వచ్చేవాళ్ళు మూడు విభాగాలున్నాయా అని అడుగుతారమ్మా. ముగ్గురున్నారా అని ఎవరూ అడగరు,” అంది కోటు గుండీ పెట్టుకుంటూ.

ఆ గదిలో ఫైళ్ళు చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి. ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి ఏ పిల్లని పంపినా ఉత్తరం రాయాలట. కాబట్టి ఆవిడ తనకే ఉత్తరం రాసుకుని, తనే సంతకం పెట్టి, కుర్చీ అటు జరుపుకుని, ‘అందినది’ అని ముద్ర వేసుకుంటుంది. ఒకసారి పని ఎక్కువై జవాబు రాయకపోతే, తనకి తనే ఘాటుగా రిమైండరు పంపుకుంది! దానికి ఇంకా ఘాటుగా జవాబిచ్చింది. ఆ తర్వాత రెండు విభాగాలకీ వారం రోజులు మాటల్లేవట.

ఇంతలో పదకొండైంది. తలుపు తోసుకుని పిడుగు వచ్చింది, పొట్ట పట్టుకుని.

“అమ్మమ్మా, నువ్వెందుకొచ్చావ్?”

“నీ నొప్పిని చూసిపోదామని వచ్చానే.”

మేడమ్ కోటు సర్దుకుని “నోరు తెరువమ్మా” అంది. పిడుగు తెరిచింది. పైన ముందు పళ్ళు రెండూ లేవు. ఊడి నెల దాటింది. మేడమ్ కోటు తీసి కళ్ళజోడు పెట్టుకుని, వాచకం తెరిచి ఒక వాక్యం చూపించింది. “ఇది చదువు.”

“థింహం... థరథ్థు...” అని, పిడుగు ఆగిపోయి పొట్ట పట్టుకుంది.

మేడమ్ కళ్ళజోడు తీసింది. శాలువా కోసం చెయ్యి చాపి, మళ్ళీ ఎందుకో వెనక్కి తీసుకుంది. ఏ వేషమూ లేకుండా నేల మీద పిడుగు పక్కన కూర్చుంది.

“ఎవరు నవ్వారు?”

“అందరూ. ముందు బెంచీ వాళ్ళు ఎక్కువ,” అంది పిడుగు. మా ఇంట్లో నెల రోజులుగా రోజుకి రెండు పూటలు కషాయం తాగిన పిల్ల అది! నేనే కాచి, నేనే ముక్కు మూసి పోశాను. నన్నెవరూ చూడకుండా గోడకున్న కేలండర్ చదివాను కాసేపు.

మేడమ్ లేచి, పిడుగు చెయ్యి పట్టుకుని, నేరుగా క్లాసులోకి నడిచింది. నేనూ వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

“ముందు పళ్ళు ఊడినవాళ్ళు చేతులెత్తండి!”

ముప్పై ఎనిమిది మందిలో ఇరవై చేతులు లేచాయి. ముందు బెంచీలో నవ్విన పిల్లవే రెండు చేతులు, పైనొకటి కిందొకటి ఊడాయని. “బోసినోటి బృందం ఇటు రండి. ఈ పాఠం మీరే చదవాలి. పళ్ళున్న వాళ్ళకి ఇది చేతకాదు,” అంది మేడమ్. పంతొమ్మిది గొంతులు ఒక్కసారి “థింహం థరథ్థు దగ్గర...” అనేసరికి క్లాసు కప్పు ఎగిరిపోయింది. అందరికంటే గట్టిగా అరిచింది మా పిడుగే. పళ్ళన్నీ ఉన్న ఒక అభాగ్యుడు మూల కూర్చుని పన్ను కదులుతుందేమోనని రెండు వేళ్ళతో లాగి చూసుకుంటున్నాడు.

మర్నాడు పదకొండింటికి నొప్పి రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

ఇప్పుడు చెప్పండి తాతయ్యలూ! అక్కడ నిజంగా ముగ్గురు మనుషులే ఉండి ఉంటే ఏమయ్యేది? చదువు ఆవిడ మా పిల్లకి ‘స’ గుణింతం రెండువందల సార్లు రాయించేది. మనసు ఆవిడ మా ఇంట్లో మొగుడూ పెళ్ళాల గొడవలున్నాయేమోనని మా అల్లుణ్ణి పిలిపించేది. ఆరోగ్యం ఆవిడ పొట్టకి స్కానింగ్ రాసేది. ముగ్గురూ ఉత్తరాలు రాసుకుంటూ ఉండగానే పళ్ళు వాటంతటవే వచ్చేవి! ఒక్క మనిషిని పెట్టి మూడు బోర్డులు కట్టిన ఆ యాజమాన్యం దూరదృష్టికి దణ్ణం పెట్టాలా వద్దా?

నేను పెట్టాను. అదే నేను చేసిన తప్పు.

యాజమాన్యానికి రెండు పేజీల మెచ్చుకోలు ఉత్తరం రాశాను. ‘ఈ మహాతల్లి ముగ్గురి పని ఒంటి చేత్తో చేస్తోంది, ఈమెకి తగిన తోడు ఇప్పించండి’ అని. మా అమ్మాయి చదివి, “అమ్మా, పంపకు. పెద్దవాళ్ళు మొదటి సగమే చదువుతారు,” అంది. నేను వింటానా? పంపాను.

అమ్మాయి చెప్పినట్టే అయింది. మీటింగులో మొదటి పేజీ బిగ్గరగా చదివి చప్పట్లు కొట్టారట. ముగ్గురి పని ఇంత అందంగా చేయగలిగిన మనిషి పన్నెండు మందిది మాత్రం చేయలేదా అని తీర్మానించి, ఆవిడకి ఇంకో మూడు బళ్ళు అప్పగించారు. ఒక ప్రశంసాపత్రం ల్యామినేషన్ చేయించి ఇచ్చారు, తలుపుకొకటి చొప్పున మూడు కాపీలు. తల్లిదండ్రులందరికీ సర్క్యులర్ వచ్చింది: ఇకపై సహాయ సేవలు గురువారం మాత్రమే. పిల్లల ఇబ్బందుల్ని అంతవరకు ఇంటివద్దనే ఉంచుకోవలెను.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే!

గురువారం పరిగెత్తాను. వరండా బెంచీ మీద పదకొండు మంది పిల్లలు. ఒకడు తల పట్టుకున్నాడు, ఒకత్తె లెక్కల పుస్తకం పట్టుకుంది. చివర్న ఒక చిన్న పిల్ల ఏమీ పట్టుకోలేదు, మూడు తలుపుల్నీ మార్చి మార్చి చూస్తోంది. ఏ తలుపు తట్టాలో దానికి తెలియట్లేదు. మేడమ్ నన్ను చూసి నవ్వింది. శాలువా మీదే కోటు తొడుక్కుని ఉంది, మార్చుకునే తీరిక లేక.

“అమ్మా, మీ ఉత్తరం చాలా బాగుందండీ. నేను మూడుసార్లు చదువుకున్నాను,” అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, “ఇంకెప్పుడూ రాయకండి,” అంది.

రాయకుండా ఉంటానా? నిన్ననే ఇంకోటి రాశాను, ఈసారి ఫిర్యాదు. ‘అయ్యా, ఈ ఉద్యోగిని పిల్లలు చెప్పేది చివరిదాకా వింటోంది, అందువల్ల విపరీతమైన కాలయాపన జరుగుతోంది. మధ్యాహ్నం భోజనానికి కూర్చోవడం కూడా నా కళ్ళారా చూశాను. ఈమె మీద కన్నేసి ఉంచడానికి వెంటనే ఇద్దరు గట్టి మనుషుల్ని నియమించండి. వాళ్ళు వారంలో అన్ని రోజులూ, బడి వదిలేదాకా, ఆ గదిలోనే ఉండాలి.’

పొగిడితే పని పెంచిన పెద్దమనుషులు తిడితే మనుషుల్ని పంపకపోరు! అందుకని పాఠకులారా, మీ పిల్లల బళ్ళో కూడా ఇలాంటి మంచి మనిషి ఒకరుంటే, ఆవిడ మీద నిజంగా అభిమానమే ఉంటే, దయచేసి ఈ రోజే కూర్చుని ఆవిడ గురించి రెండు చెడ్డ ముక్కలు రాసి పంపండి.