సెలూన్ భద్రతా మండలి

ప్రపంచ శాంతి కోసం మా సెలూన్‌లో జరిగిన కృషిని ఎవరూ ఎక్కడా నమోదు చెయ్యలేదన్న బాధతో, మండలి కార్యదర్శి హోదాలో నేనే ఈ నివేదిక సమర్పించుకుంటున్నాను. నన్ను ఆ పదవికి ఎవరూ ఎన్నుకోలేదు. ముప్ఫై రెండేళ్లు రికార్డు రూములో పనిచేసి రిటైరైనవాణ్ణి, జేబులో పెన్ను ఉండేది నా ఒక్కడికే. పెద్ద పెద్ద సంస్థల్లో పదవులు ఇంతకంటే గొప్ప కారణాలతో వస్తాయని నేననుకోను.

మండలిలో శాశ్వత సభ్యులం నలుగురం: నేను, రిటైరైన బస్సు కండక్టరు, పళ్ల డాక్టరు దగ్గరి కాంపౌండరు, మూడేళ్లుగా ఒకే ఇల్లు కడుతున్న మేస్త్రీ. కత్తిరించడానికి జుట్టు లేకపోయినా రోజూ రావడమే శాశ్వత సభ్యత్వానికి అర్హత. నెలకోసారి నిజంగా క్షవరానికి వచ్చేవాళ్లు తాత్కాలిక సభ్యులు. మెడ మీద కత్తి ఉన్నంతసేపు వాళ్లకు వినే హక్కే గాని మాట్లాడే హక్కు లేదు.

సెలూన్, పక్కనున్న టైలరు షాపు నిజానికి ఒకే గది. మధ్యలో చెక్క అడ్డుగోడ, దానికో తలుపు. సెలూన్ బావది, టైలరు షాపు బావమరిదిది. అంటే సెలూనాయన భార్యకు టైలరు సొంత తమ్ముడు. ఆమెను మేమంతా అక్క అనే అంటాం. టైలరు భార్య ఆస్పత్రిలో నర్సు కాబట్టి, వాళ్ల ఆరేళ్ల పాప బడి నుంచి రాగానే ఆ తలుపు తోసుకుని అత్త ఒళ్లో వాలేది. అదే తలుపులోంచి టీ గ్లాసులు అటూ ఇటూ తిరిగేవి. బావ బట్టలు బావమరిది కుట్టేవాడు, బావమరిది తల బావ చూసుకునేవాడు. ఇంత సుభిక్షంగా ఉన్న చోట అంతర్జాతీయ అవగాహన లోపించడం సహజమే.

ఆ లోపాన్ని జాగ్రఫీ మాస్టారు తీర్చారు. బదిలీ అయి వెళ్లిపోతూ, చివరి క్షవరం చేయించుకుని, తన పాత ప్రపంచ పటం సెలూన్‌కు కానుకగా ఇచ్చారు. వెనక గోడకు తానే మేకులు కొట్టారు. అప్పుడే మొదలైన ఒక యుద్ధం గురించి చెబుతూ, నదికి అటూ ఇటూ ఉన్న రెండు దేశాల మీద వేలు పెట్టి, "ఇదిగో, వీడు నది దాటి వీడి మీద పడ్డాడు" అని చూపించి, బస్సుకు టైమైందని వెళ్లిపోయారు. పటం ఎండకు వెలిసింది కాబట్టి రెండు దేశాలదీ ఒకే రంగు. పేర్లు ఎవరికీ నోరు తిరగలేదు. అందుచేత ఇకమీదట వాటిని ఎడమ దేశం, కుడి దేశం అని వ్యవహరించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం.

ఇక్కడ గది అమరిక గురించి ఒక మాట. సెలూన్‌లో కుర్చీ ముందు గోడంతా అద్దం. వెనక గోడకు పటం. పటం కింద మా బల్ల. కాబట్టి మేమూ, కత్తెర పట్టుకున్న బావా పటాన్ని చూసేది అద్దంలోనే. బావమరిది మాత్రం పక్క తలుపులోంచి, మిషను దగ్గర కూర్చునే, గోడ మీద నేరుగా చూస్తాడు. అక్షరాలు అదోలా ఉన్నాయేంటని మేస్త్రీ ఒకసారి అడిగితే, విదేశీ వ్యవహారాలు అలాగే ఉంటాయని కండక్టరు సర్దిచెప్పాడు.

మాస్టారు గుమ్మం దాటగానే బావ నిట్టూర్చాడు. "పాపం ఎడమ దేశంవాళ్లు. కూర్చున్నవాళ్లను కూర్చున్నట్టే కొట్టాడు కదండీ."

"ఎడమవాడు పాపమేంటి బావా?" తలుపులోంచి బావమరిది అందుకున్నాడు. "నది దాటి మీద పడిందే వాడైతే. పాపం కుడివాళ్లు."

"మాస్టారు వేలు పెట్టి చూపించారు కదరా. ఈ కళ్లతో చూశాను."

"నేనూ చూశాను. నీ కళ్లకే ఏదో అయింది."

"పదేళ్ల బట్టి ఈ కళ్లతోనే నీ జుట్టు కత్తిరిస్తున్నాను. అప్పుడు కాలేదే?"

అక్కడితో ఆగిపోయేదే. కానీ మండలి అంటూ ఒకటి ఉన్నాక చూస్తూ ఊరుకోదు కదా. "అంత మాటన్నాక మీరు పడతారా?" అని కాంపౌండరు బావను అడిగాడు. కండక్టరు పక్క షాపులోకి వెళ్లి బావమరిదినీ అదే అడిగి వచ్చాడు. నిష్పాక్షికత అంటే అది. మర్నాటికి తలుపుకు అటువైపు నుంచి నాలుగు స్క్రూలు, ఇటువైపు నుంచి ఆరు స్క్రూలు పడ్డాయి.

తర్వాత ఆంక్షలు మొదలయ్యాయి. బావ చొక్కాకు గుండీలు రాలిపోతే పిన్నీసులు వచ్చాయి. బావమరిది జుట్టు చెవులు కప్పి, మెడ దాటి, భుజాలకు దిగింది. నడుం కొలత తీసుకోవడానికి వంగితే గిరాకీలు తుమ్ముతున్నారని వినికిడి. ఇద్దరూ వెనక్కి తగ్గలేదు. సెలూన్‌లో టీవీ ఉంది గాని, వార్తల్లో ఒకేసారి ఎనిమిదిమంది మాట్లాడుతుంటే మా చర్చకు ఇబ్బందిగా ఉందని దాని గొంతు మొదటివారమే నొక్కేశాం. పేపరు మాత్రం క్రమం తప్పకుండా వచ్చేది. గడ్డం నురగ తుడవడానికి దాన్ని మించింది లేదు.

పాపకు సెలూన్ శత్రు భూభాగమైపోయింది. అటు అడుగు పెట్టొద్దని తండ్రి చెప్పాడు. అక్క రోజూ మూడింటికి సెలూన్‌కు వచ్చి, ఆ అడ్డుగోడకు చెవి ఆనించి నిలబడేది. అవతల పాప ఎక్కాలు చదువుకుంటుంటే వినేది. ఏడో ఎక్కంలో తప్పు పోతే ఇక్కణ్ణుంచి పెదాలతోనే దిద్దేది. చూసినప్పుడల్లా ఇద్దరికీ నాలుగు మాటలు చెబుదామనిపించేది. అయినా కార్యదర్శిని, ఒక పక్షాన మాట్లాడకూడదు.

మూడు నెలలకు పాప జుట్టు కళ్లలో పడటం మొదలైంది. ఇంకో సెలూన్‌కు తీసుకెళితే చిన్నతనమని, బావమరిది తనే పూనుకున్నాడు. టేపుతో కొలిచి, నుదుటి మీద సుద్దతో గీత గీసి, గుడ్డ కత్తిరించే కత్తెరతో కత్తిరించాడు. మర్నాడు పాప నుదురంతా చేత్తో కప్పుకుని బడికి వెళుతుంటే బావ గాజు తలుపులోంచి చూశాడు. ఆ రోజు ఇద్దరు తాత్కాలిక సభ్యులు మీసాలు కోల్పోయారు.

మూడింటికి పాప బడి నుంచి వస్తుంటే అక్క కూడా చూసింది. చీర కొంగు దోపుకుని తిన్నగా టైలరు షాపుకు వెళ్లి, తమ్ముడి చెవి పట్టుకుంది.

"మూడు నెలలైందిరా. ఆ దేశాలవాళ్లలో ఒక్కడికైనా మీ ఇద్దరి పేర్లు తెలుసా? లే."

అలాగే చెవి పట్టుకుని తెచ్చి సెలూన్ కుర్చీలో కూలేసింది. "ఏవండీ, కత్తెర పట్టుకోండి. ముందు వీడి తల, తర్వాత పాప తల. ఇద్దరిలో ఎవరు నోరు విప్పినా నేనీ ఊళ్లో ఉండను."

క్షవరం మొదలైంది. కుడివైపు సగం పూర్తయ్యింది. బావమరిది మెల్లగా తలెత్తి, మూడు నెలల్లో మొదటిసారి, అద్దంలోకి చూశాడు.

"బావా, మ్యాపు మార్చావా?"

"నేనెందుకు మారుస్తాను? మాస్టారు కొట్టిన మేకులే అవి."

"మరి కుడివాడు ఎడమకెళ్లాడేంటి?"

బావమరిది మెడ తిప్పి గోడను చూశాడు, మళ్లీ అద్దాన్ని చూశాడు. బావ కత్తెర పక్కన పెట్టి, ఆ పటం వచ్చాక మొట్టమొదటిసారి వెనక్కి తిరిగాడు.

"అంటే ఇన్నాళ్లూ ఇద్దరూ ఒకే దేశానికి జాలిపడ్డారా?" అంది అక్క. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. స్క్రూ డ్రైవరు కోసం సొరుగు లాగింది.

"చూశావా, చివరికి నా మాటకే వచ్చావు," అన్నాడు బావ, ముచ్చటగానే.

"నీ మాటకు నేను రావడమేంటి? అద్దంలో తిరగేసి చూసింది నువ్వు. సరిగ్గా చూసినవాణ్ణి నేను. నువ్వే నా మాటకు వచ్చావు."

"ముందుగా పాపం అన్నది ఎవర్రా?"

"నువ్వు పాపం అన్నది తప్పు దేశాన్ని."

"అద్దంలో అది ఒప్పే."

బావమరిది మెడకు కట్టిన గుడ్డతో సహా లేచాడు. ఒక పక్క మనిషిలా, ఇంకో పక్క తెర దించినట్టు ఉన్నాడు. "ఇంత జరిగాక నీతో ఒకే పక్షాన ఉండటం నా వల్ల కాదు. ఇవాళ్టి నుంచి నేను నది దాటి కొట్టినవాడి వైపు."

"వెళ్లు. నువ్వు మొదట్నుంచీ వాడి మనిషివేనని నాకు తెలుసు."

అప్పుడు టీవీలో కోట్లు వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు, వెనక ఆ నదిలాంటి నదే ఒకటి పెట్టుకుని, ఫైళ్లు మార్చుకుని కౌగిలించుకుంటున్నారు. ఎవరిదో రిసెప్షన్‌లా ఉంది, ఛానెల్ మార్చమన్నాడు మేస్త్రీ. మార్చాం.

అక్క స్క్రూ డ్రైవరు అందుకుంది. ఇటువైపు ఆరు స్క్రూలు, అవతలికి వెళ్లి నాలుగు స్క్రూలు తీసింది. తర్వాత బందులు కూడా ఊడదీసి, తలుపునే ఎత్తి బయటికి మోసుకొచ్చింది. ఇప్పుడది వాళ్ల వంటింట్లో కూరలు తరుక్కునే బల్ల. ఈ ఏకపక్ష చర్యను మండలి తీవ్రంగా ఖండించింది. ఆ సందులోంచి పాప పరిగెత్తుకొచ్చి కుర్చీ ఎక్కేసింది. బావ చాలాసేపు, గిరాకీలను ఆపి మరీ, ఆ సుద్దగీత జుట్టును సరిచేశాడు. సాయంత్రానికి బావమరిది రెండో పక్క జుట్టూ దిగింది, బావ చొక్కాకు గుండీలూ పడ్డాయి. మాటలు మాత్రం ఇంకా లేవు.

ఇంతకీ, తలుపు మోసుకెళుతూ అక్క నా దగ్గర ఆగింది. "అన్నయ్యగారూ, రోజూ ఆ మ్యాపు కిందే కూర్చుంటారు కదా. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదా?"

"చూస్తే చెప్పకపోతానా అమ్మా," అన్నాను.

చూశాను. యుద్ధం మొదలైన నాలుగో రోజున, బల్ల వెనక పడ్డ గొడుగు కోసం తిరిగినప్పుడే చూశాను. చెబుదామని నోరు తెరిచాను కూడా. అప్పుడే చర్చ మంచి పాకాన పడింది. చెప్పేస్తే మర్నాటి నుంచి నేను సాయంత్రాలు ఎక్కడ కూర్చోవాలి? తర్వాత మిగతా ముగ్గురినీ విడివిడిగా అడిగాను. మేస్త్రీ రెండోవారంలో మేకు బిగిస్తూ చూశాడట. కండక్టరు తల దువ్వుకుని వెనక్కి తిరిగినప్పుడు చూశాడట. కాంపౌండరు మొదటిరోజే చూశాడు.

నన్ను తిట్టుకుంటున్నారని తెలుసు. తిట్టుకోండి, తర్వాత తీరిక చేసుకుని ఒకసారి రండి. పటానికి ఇంకా బోలెడు మూలలున్నాయి, బల్ల మీద ఇంకొకరికి చోటుంది. వచ్చినవాళ్లు అద్దం వైపు తిరిగి కూర్చోవాలి, నిబంధన అదొక్కటే.