గవ్వలదిబ్బ శుభ్రమైంది

గవ్వలదిబ్బ దీవి నూటికి నూరుపాళ్లూ శుభ్రమైందని, అందువల్ల అది ఇప్పుడు లేదని, నిర్వాసితుల శాఖ సోమవారం ఉదయం కాలనీ బోర్డు మీద నోటీసు అంటించింది.

నలభై ఏళ్ల క్రితం అక్కడ అణుబాంబులు పరీక్షించారు. దీవి జనాన్ని తెచ్చి ఒడ్డున రేకుల ఇళ్లలో పెట్టి, విషం పోగానే వెనక్కి పంపిస్తామన్నారు. పాపం, మాట తప్పలేదు. మూరెడు లోతు మన్ను గీకడం, విషం కొలిచే మీటరు పెట్టి చూడడం, అది టిక్కుటిక్కుమంటే ఇంకో మూరెడు గీకడం. ఈ పనిలోనే పదకొండుమంది ఇంజనీర్లు రిటైరయ్యారు. పోయిన నెల మీటరు నోరు మూసుకుంది. అప్పటికి దాని కింద సముద్రం తప్ప ఏమీ మిగల్లేదు. ఆఫీసులో మిఠాయిలు పంచుకున్నారు.

కౌంటరు దగ్గర సూరాడ నూకాలమ్మ వంతు వచ్చేసరికి పన్నెండయింది. ఆమెకు డెబ్బై ఆరేళ్లు. దీవిలో మొగలి పొదల పక్కన మూడు నెలల కూతుర్ని పాతిపెట్టింది. తనను కూడా ఆ పక్కనే పాతితే చాలు, ఆమెకు ఇంకో కోరిక లేదు.

"మీ స్థలం పదిహేడో నంబరు. లోతు పన్నెండు బారలు. నీళ్లు స్వచ్ఛంగా ఉన్నాయి, రిపోర్టుంది," అంటూ గుమాస్తా సంకర్షణరావు పడవ టోకెను ఇచ్చాడు. మనిషి మంచివాడే.

"మొగలి పొదల పక్కన నా పిల్లని పాతిన సోటు కావాల బాబూ."

ఆయన ఓపిగ్గా రిజిస్టరు తిరగేశాడు. "మొగలి పొదల పక్క మన్ను మూడో పొరలో పోయిందమ్మా. ఆ మన్నంతా బొంతలపాలెంలో పోశాం."

"అయితే నన్నక్కడికే అంపియ్యి."

"అక్కడెవరూ ఉండకూడదు. విషం కదా. ఆ ఊరు కూడా ఖాళీ చేయించేశాం."

"ఏటీ వద్దు. నా రేకులింట్లోనే ఉంటాను."

ఆయన రూలు చదివి వినిపించాడు. సొంతూరు శుభ్రమైనవాళ్లు నిర్వాసితులు కారు. నిర్వాసితులు కానివాళ్లకు రేకుల ఇల్లు ఉండదు. రూల్లో తప్పేమీ లేదు. నూకాలమ్మకు ఏడుపు కూడా రాలేదు, నిలబడి నిలబడి ప్రాణం విసిగిపోయింది. వేలిముద్ర వేసింది.

సామాను తీసుకుందామని వెళ్లేసరికి ఇంటి గుమ్మంలో బొంతలపాలెం మనిషొకామె మూటతో కూర్చుని ఉంది. ఆమె కాళ్ల నిండా మన్ను. నూకాలమ్మ ఆ మన్నుకేసి చాలాసేపు చూసింది.

"ఎన్నాళ్లుంచుతారప్పా మమ్మల్నిక్కడ?"

"మీ ఊరు శుబ్బరం సేసీదాకా."

"అంతేనా!" అని ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుంది. త్వరలో వెళ్లిపోయేవాళ్లమే కదా అని మూట కూడా విప్పలేదు.