తేనె సబ్‌కమిటీ తీర్మానం

ఈ దేశంలో జబ్బు ఒక్కరికే వస్తుంది గానీ, దాని మీద నిర్ణయాధికారం మాత్రం కాలనీ మొత్తానిది. సరోజినీ నగర్ సర్కారీ క్వార్టర్లలో ఈ సూత్రం తు.చ. తప్పకుండా అమలవుతుంది.

మైథిలి రొమ్ములో గడ్డ తేలింది. క్యాన్సరేనని బయాప్సీ చెప్పింది. కాళ్లరిగేలా తిరగ్గా తిరగ్గా పెద్దాసుపత్రిలో మంగళవారానికి ఆపరేషన్ తారీఖు దొరికింది. (ఢిల్లీలో ముహూర్తం దొరుకుతుంది, బాంకెట్ హాలు దొరుకుతుంది, సర్జన్ దొరకడు.) ఆవిడ భర్త రఘురామ్ ఆ కబురు తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ జబ్బును తేనెతోనే కుదర్చాలని సాయంత్రానికల్లా తేనె సబ్‌కమిటీ ఏర్పాటైంది.

అధ్యక్షులు భీమేశ్వరరావు గారు. రిటైరైన డిప్యూటీ సెక్రటరీ, ఒకప్పుడు రఘురామ్‌కి పై అధికారి. ఆయన కుర్చీ దిగారు గానీ, కుర్చీ ఆయన్ని దిగలేదు. తొలి సమావేశంలోనే ఎవరికి జబ్బు చేస్తే ఏది వాడాలో తేనెపట్టును హోదాల వారీగా పంచేశారు: గెజిటెడ్ కుటుంబాలకు రాణి ఈగ తినే రాయల్ జెల్లీ, నాన్-గెజిటెడ్ వారికి మామూలు తేనె, కాంట్రాక్టు సిబ్బందికి మైనం. (ఈగల్ని సంప్రదించలేదు. వాటికి అసోసియేషన్ లేదు.)

ఆదివారం సబ్‌కమిటీ మైథిలి ముందుగదిలో కొలువుదీరింది. టీపాయ్ నిండా తేనె సీసాలు.

"చూడమ్మా, పరిశోధనలు జరిగాయి. తేనెటీగల జిగురు పోస్తే క్యాన్సర్ కణాలు టపటపా చచ్చాయిట. ఓ మూణ్ణెల్లు ఆపరేషన్ వాయిదా వేసి చూద్దాం," అన్నారు భీమేశ్వరరావు గారు.

"ఎక్కడ చచ్చాయి అంకుల్?"

"లాబొరేటరీలో. గాజు పళ్లెంలో."

"గాజు పళ్లెంలో ఫినాయిల్ పోసినా చస్తాయి కదండీ."

ఆయన జేబులోంచి కలం తీసి గంభీరంగా రాసుకున్నారు: 'ఫినాయిల్‌పై రోగి సూచన పరిశీలనలో ఉన్నది.'

"అది కాదే పిల్లా," అంది పక్క క్వార్టర్ లక్ష్మీకుమారి ఆంటీ. "మా తోడికోడలి అక్కకి ఉత్త తేనెతోనే బిల్కుల్ ఠీక్ అయిపోయింది!"

"క్యాన్సరా ఆంటీ?"

"దగ్గు. అయినా తేనె తేనేగా!"

రఘురామ్ అప్పటికే ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "సార్ అంతగా చెబుతున్నారు కదా మైథిలీ, ఇంకో తారీఖు అడుగుదాం."

ఆ క్షణాన మైథిలికి ఒంట్లో ఉన్న గడ్డకన్నా మొగుడి చేతిలో ఉన్న ఫోనే ఎక్కువ భయపెట్టింది. కానీ ఆవిడ కూడా పదిహేనేళ్లుగా సర్కారీ క్వార్టర్లో కాపురం చేస్తోంది.

"అలాగే అంకుల్," అంది వినయంగా. "కాకపోతే చిన్న నోట్ పెట్టండి. 'ఆపరేషన్ వాయిదా వేయవలసిందిగా సిఫార్సు చేస్తున్నాము' అని, కింద మీ అందరి సంతకాలూ. ఆసుపత్రిలో చూపించాలి కదా. ఏవండీ, సంతకాలు అయ్యేదాకా ఫోన్ చేయకండి, పద్ధతి కాదు."

పద్ధతి అనగానే రఘురామ్ ఫోను జేబులో పెట్టేశాడు.

"రాతపూర్వకంగానా?" భీమేశ్వరరావు గారికి పొలమారింది.

కేంద్ర ప్రభుత్వంలో నలిగినవాడు పాము పడగ మీదైనా చెయ్యి వేస్తాడు గానీ, బాధ్యత అంటుకునే కాగితం మీద సంతకం పెట్టడు. నోట్ సంతకాల కోసం మెట్లెక్కింది, దిగింది. ఒకరు 'చూశాను' అన్నారు. ఒకరు 'చర్చించవలెను' అన్నారు. ఇంకొకరు 'పై అంతస్తు వారి అభిప్రాయం వచ్చిన తర్వాత' అని కింది అంతస్తుకి పంపారు. లక్ష్మీకుమారి ఆంటీ తన భర్త టూర్‌లో ఉన్నారంది. (ఆయన బాల్కనీలో బనీన్లు ఆరేసుకుంటున్నారు.)

మంగళవారం పొద్దున నోట్ రెండో అంతస్తులో పెండింగులో ఉండగా మైథిలి క్యాబ్ ఎక్కి ఆసుపత్రికి వెళ్లిపోయింది.

ఆపరేషన్ సజావుగా జరిగింది. గడ్డ పూర్తిగా తీసేశామన్నాడు సర్జన్.

ఇంటికొచ్చేసరికి తేనె సీసాలు టీపాయ్ మీదే ఉన్నాయి, ఒక్కదానికీ సీలు విప్పలేదు. వాటి పక్కన కొత్త నోట్: 'శ్రీమతి మైథిలి కోలుకొనుట సబ్‌కమిటీ సిఫార్సు చేసిన తేనె ఫలితమేనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.'

ఈసారి అందరూ సంతకాలు పెట్టారు, హోదాతో, తారీఖుతో సహా. మొట్టమొదటి సంతకం రఘురామ్‌ది.