నల్లరాళ్ళపల్లి గంజి

ఆ ఉదయం తిప్పన్న చేయాల్సిన పనులు మూడే: బౌద్ధ కేంద్రం ఊడ్వడం, ఊళ్ళో చెప్పిరావడం, ఒక్క మనిషికి రాగిసంగటి గెలకడం.

అది 1952 వేసవి. నల్లరాళ్ళపల్లిలో మూడేళ్ళుగా వాన లేదు. తిప్పన్న విత్తిన వేరుశనగ మట్టిలోనే మాడిపోయింది. మేత లేక ఎద్దులను తోలేశాడు. ఊరికే కూర్చుంటే పిచ్చిపట్టేలా ఉందని, రిటైరైన బడిపంతులు ఓబుళేసు నడిపే బౌద్ధ కేంద్రానికి వెళ్ళి, "అయివారూ, చేతులు ఊరికే ఉండాయి. ఏదన్నా సేవ చెప్పండి" అన్నాడు. కేంద్రమంటే ఒక మట్టిమిద్దె, బుద్ధుడి పటం, రెండు చాపలు.

"పదిగంటల బస్సుకు బెంగళూరు నుంచి భిక్షువు వస్తాండాడు," అన్నాడు ఓబుళేసు. "మధ్యాహ్నం దాటితే ఆయన మెతుకు ముట్టడు. అందరికీ చెప్పు, వచ్చి నాలుగు మంచిమాటలు వినిపోతారు."

తిప్పన్న మొదట కూలిమనిషి చిన్నక్క గడప దగ్గర ఆగాడు. రెండు నెలలుగా ఆమెను పనికి పిలిచినవాళ్ళు లేరు.

"చిన్నక్కా, పదిగంటలకు కేంద్రంలో భిక్షువు. అందరూ రండి."

"భిక్షా? గిన్నెలు మేమే తెచ్చుకోవల్లనా?"

ఆమెకు చెవుడు లేదు, ఆకలి ఉంది. తిప్పన్న నోరు తెరిచేలోపే మాట గోడదాటి పక్కింటికి, అక్కడి నుంచి వీధి చివరికి వెళ్ళిపోయింది.

తొమ్మిదింటికి కేంద్రం ముందు వందమంది ముంతలతో, సత్తుగిన్నెలతో నిలబడ్డారు.

"భిక్షువంటే మనిషక్కా! సన్న్యాసి లాంటోడు!"

"రానీలేప్పా, మేము వద్దంటిమా? గంజి రాగులదా, జొన్నలదా?"

ఓబుళేసు ముఖం పాలిపోయింది. "ఏం చెప్పొచ్చినావప్పా?"

"మీరు చెప్పిందే చెప్పినా అయివారూ."

బుద్ధుడి పటం ఎదుట ఆకలిగొన్నవాళ్ళను పొమ్మనడం ఇద్దరికీ చేతకాలేదు. కేంద్రంలో ఉన్న రెండు సేర్ల రాగిపిండినీ తిప్పన్న పెద్ద డేగిసాలో కలిపి పొయ్యి ముట్టించాడు. ఆ పొయ్యే కొంప ముంచింది. చెట్టూ చేమా లేని ఆ నేలలో పొగ రెండు మైళ్ళకు కనబడుతుంది. పక్కూరు కూడా గిన్నెలు పట్టుకుని బయలుదేరింది. తిప్పన్న నీళ్ళు కలుపుతూనే పోయాడు. చివరికి గంజిలో అతని ముఖం అతనికే కనబడింది.

పిండి అప్పు అడగడానికి పోయిన ఓబుళేసు ఇంకా తిరిగి రాలేదు. బస్సు దిగిన భిక్షువు కాషాయంతో, చేతిలో పాత్రతో కేంద్రం వైపు నడిచాడు.

"ఏమప్పా సామీ, యాడికి ముందుకు? వెనక్కి పో. మేము పొద్దున్నుంచి నిలబడినాం," అంది ఒక ముసలామె. ఆయన చిన్నగా నవ్వి వరుస చివరికి వెళ్ళాడు.

ఆఖరి పాత్ర తన ముందుకు వచ్చినప్పుడు తిప్పన్న తలెత్తి చూశాడు. కాషాయం కనబడింది. డేగిసాలో గంజి లేదు, ఎండ పడమటికి వాలింది. అతను పొయ్యి పక్కనే కూలబడి ఏడ్చాడు.

"పొద్దు దాటిపోయింది. రేపు చూద్దాంలేప్పా," అన్నాడు భిక్షువు.

అప్పుడు జీపు వచ్చింది. ఈ ఊరికి సర్కారు గంజి కేంద్రం అవసరమా, కాదా చూడడానికి వచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ దిగాడు. ఆయన ఎందుకొచ్చాడో ఎవరికీ తెలియదు. ఉన్నదాన్ని మాన్పించడానికే వచ్చాడనుకుంది చిన్నక్క.

"ఈడ రోజూ పోస్తాండారు సార్! మాన్పించొద్దండి!"

"అవును సార్, రోజూ!" అన్నారు మూడువందల మంది.

ఇన్‌స్పెక్టర్ సంతోషించి తిప్పన్న మసిచేతిని పట్టుకుని ఊపాడు. "మీలాంటివాళ్ళు ఊరికొకరుంటే చాలు. ఇక్కడ పెట్టాల్సిన కేంద్రాన్ని వేరే ఊరికి రాస్తాను."

తిప్పన్న అరుస్తూ జీపు వెంట పరుగెత్తాడు. నోటినిండా దుమ్ము పడింది.

"నేను చెప్పింది తప్పా తిప్పన్నా?" అంది చిన్నక్క, అతను తిరిగొచ్చాక.

మర్నాడు తెల్లవారేసరికి వరుస మళ్ళీ నిలబడింది. చిటికెడు పిండి లేదు. భిక్షువు పాత్ర అందుకుని లేచాడు. తిప్పన్న తన సత్తుచెంబు తీసుకుని వెంట నడిచాడు. ఆరుమైళ్ళు ఎండలో నడిచి ఉరవకొండ చేరి, మొదటి ఇంటి ముందు ఆగారు.

ఇంటావిడ తలుపు సగమే తీసింది. "ఈడేముంది నాయనా? నల్లరాళ్ళపల్లికి పోండి. ఆడ రోజూ గంజి పోస్తాండారంట."