రెండు నిమిషాల మౌనం

సోమవారం పొద్దున్నే నీరాపూర్ మేయర్ దిన్‌కర్‌రావ్ సాళోఖే నిక్షేపంలాంటి గుండెతో ఆసుపత్రిలో చేరాడు. పన్నెండింటికి నగరసభ ఉంది. అందులో స్వయంగా లేచి, రాజీనామా ఇచ్చి, కుర్చీని ఇందుతాయి కదమ్‌కి వదలాలి. పార్టీలో ఆశపడేవాళ్లు పాతికమంది, కుర్చీ ఒక్కటే. అందుకని పార్టీ పెద్ద తాత్యాసాహెబ్ ఆర్నెల్లకొకరు చొప్పున వంతులు వేశాడు. దిన్‌కర్‌రావ్ వంతు నిన్నటితో అయిపోయింది.

అయితే సాయంత్రం శాసనసభ ఎన్నికల ప్రకటన వస్తుందని అతనికి కబురందింది. వస్తే కోడ్ అమల్లోకొచ్చి, మేయర్ మార్పు మూడు నెలలు ఆగిపోతుంది. ఈ ఒక్క పూట గడిస్తే చాలు.

"ఎవర్నీ లోపలికి రానివ్వకు. మాట్లాడే స్థితిలో లేనని చెప్పు," అని భార్య సులభకు పురమాయించి, ఫోన్ ఆపేసి, రెండు ప్లేట్ల పోహా తిని పడుకున్నాడు.

గుమ్మం దగ్గర సులభ నోట ఆ మాట విన్న అనుచరుడు సద్యాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. సాహెబ్ త్వరగా కోలుకోవాలని చౌరస్తాలో ఫ్లెక్సు కట్టిద్దామని దుకాణానికి ఫోన్ చేశాడు గానీ, ఏడుపు ఆగలేదు.

"సాహెబ్ ఫోటో పెద్దది వెయ్యన్నా... ఇక మాట్లాడే స్థితిలో లేరట... చూడనివ్వట్లేదు..." అని భోరుమన్నాడు.

దుకాణదారు ఇలాంటి ఏడుపులు చాలా విన్నవాడు. మిగతాది అడిగి బాధపెట్టడమెందుకని, ఫోటో చుట్టూ నల్ల అంచు వేసి, "భావపూర్వక శ్రద్ధాంజలి" అని అచ్చుకొట్టి, తొమ్మిదింటికల్లా కట్టించేశాడు.

నీరాపూర్‌లో ఫ్లెక్సు మీద పడ్డాక అది నిజమా అని అడిగే అలవాటు లేదు. మనది ఎందుకు లేదని అడిగే అలవాటే ఉంది. పదకొండింటికల్లా నలభై లేచాయి. వాటిలో పోయినవాడి ఫోటో కంటే నివాళి అర్పించేవాళ్ల ఫోటోలే పెద్దవి.

ఆసుపత్రి కిటికీలోంచి అవి చూసి సులభ లబోదిబోమంది. "ఏమండీ, మిమ్మల్ని చంపేశారండీ! ఎవరికైనా ఫోన్ చేసి చెప్పండి!"

"నువ్వూరుకో. మేయర్ పోతే సభ ఏం చేస్తుంది? సంతాపం చెప్పి, రెండు నిమిషాలు మౌనం పాటించి, వాయిదా పడుతుంది. సాయంత్రం కోడ్! రేపు లేచొస్తా, కుర్చీ నాదే. పద, ఏమంటారో విందాం."

ఇద్దరూ మొహాలు కప్పుకుని సభ గ్యాలరీలో వెనక వరుసలో కూర్చున్నారు. ఆర్నెల్లుగా తిట్టిపోసిన ప్రతిపక్షం వాళ్లు కూడా "దేవుడిలాంటి మనిషి" అంటుంటే దిన్‌కర్‌రావ్‌కి నిజంగానే కన్నీళ్లొచ్చాయి. బతికుండగా ఒక్కడూ ఒక్క మంచి మాట అనలేదు.

చివరికి ఇందుతాయి లేచి కొంగుతో కళ్లొత్తుకుంది. "సాళోఖే దాదాది వెన్నలాంటి మనసు. ముంబై సచివాలయం చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, శివారు పేటకి నీళ్ల ట్యాంకు తెచ్చింది నేను. అయినా కొబ్బరికాయ మీరే కొట్టండి దాదా అన్నాను. కాదనలేదు పాపం!"

దిన్‌కర్‌రావ్ సగం లేచాడు. సులభ చొక్కా పట్టుకు లాగింది. "కూర్చోండి! మీరు చచ్చిపోయారు!"

"పదహారు సార్లు ముంబై తిరిగింది నేనే!"

"మూడు నెలల కుర్చీ! రెండు నిమిషాలు ఓర్చుకోలేరా?"

సభంతా లేచి మౌనం పాటించింది. ఒక నిమిషం గడిచింది. ఒకటిన్నర గడిచింది. అంతలో ఇందుతాయి మళ్లీ కళ్లొత్తుకుంది.

"అబద్ధం! ట్యాంకు నేను తెచ్చాను!"

తలలన్నీ పైకి లేచాయి. ఇద్దరు కార్పొరేటర్లు బల్లల కిందికి దూరారు. గ్యాలరీ ముందు వరుసలో ఉన్న తాత్యాసాహెబ్ మాత్రం తాపీగా వెనక్కి తిరిగి, జేబులోంచి టైపు చేసిన రాజీనామా కాగితం తీశాడు.

"బతికే ఉన్నావా? చాలా సంతోషం. కిందికెళ్లి ఇది ఇచ్చెయ్."

ఒంటిగంటకు దిన్‌కర్‌రావ్ ఇచ్చేశాడు. సంతాప తీర్మానం ఎలాగూ రాసి ఉంది కాబట్టి, సభ "మేయర్" ముందు "మాజీ" చేర్చి దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.