అగ్రికో క్వార్టరులో పూటపోరు

దల్మా కొండల నెత్తిన ఏనుగుల గుంపుల్లా మబ్బులు మేసే, సువర్ణరేఖా ఖర్కాయీ నదులు చెరొకవైపు నిలిచి పాదాలు కడిగే, అహోరాత్రాలూ ఆరని కొలుముల అరుణకాంతి ఆకాశానికి అకాలసంధ్యను పులిమే ఉక్కునగరం జంషెడ్‌పురంలో, చలికాలం తన రగ్గు మడతపెట్టి పెట్టెలోకి చేరుతూ, ఎండాకాలం అప్పుడే గుమ్మంలో చెప్పులు విప్పుతున్న ఆ సంధికాలాన, అగ్రికో అనే పేటలో, ఒకదాని ముఖం చూసి ఒకటి కట్టుకున్నట్టుండే క్వార్టర్ల బారులో, ఒకానొక గృహదుర్గాన మహాసంగ్రామమొకటి ప్రజ్వరిల్లింది. శంఖాలు మోగలేదు, కుక్కరు కూసింది. భేరీలు మోగలేదు, ఎదురింటి స్కూటరు స్టార్టు కాక దగ్గింది. ఆ రణానికి హేతువు రాజ్యం కాదు, రత్నం కాదు. నాలుగో ఏడు నిండబోతున్న శ్వేత అనే బాలికను కిండర్‌గార్టెన్‌కు పొద్దుటిపూట పంపాలా, మధ్యాహ్నంపూట పంపాలా అన్నదే.

ఈ గాథకు నాయిక సౌజన్య. శ్వేతాజనని, వృక్షశాస్త్రపట్టభద్ర, కందిపప్పులో ఇసుకరేణువును ఆమడదూరం నుంచి కనిపెట్టగల సూక్ష్మదృష్టిసంపన్న, ఆరేసిన తువ్వాలు అంచు వంకరపోతే ఎవరూ చూడకుండా వెళ్లి సరిచేసి వచ్చే క్రమపాలనాధురంధర. ప్రతినాయిక ఆమె అత్తగారు అమ్మణ్ణి. శ్రీకాకుళం పక్కనుంచి కొత్తకోడలై టాటానగర్ స్టేషనులో దిగిన నాటినుంచి నేటివరకు కూరలవాడితోగాని కోడలితోగాని ఒక్క వాదంలోనూ వెన్నుచూపని అజేయ. ఈ ఇరువురి నడుమ సరిహద్దుభూమిలా పడివున్నవాడు దుర్గాప్రసాద్, ఒకరికి భర్త, ఇంకొకరికి కొడుకు. రోలింగ్ మిల్లులో నిప్పులు కక్కే ఉక్కుదిమ్మెలను పలకలుగా అణచే ఆ ధీరుడు ఇంట్లో మాత్రం ఎటు గాలి వీస్తే అటు తలూపుతాడు.

ఆ ఇంటి కాలగణన కూడా లోకమంతటిలాంటిది కాదు. అక్కడ తెల్లవారదు; 'ఏ' షిఫ్టు ఎక్కుతుంది. మధ్యాహ్నమవదు, బీ షిఫ్టు ఎక్కుతుంది. రాత్రిపడితే సీ షిఫ్టు. దుర్గాప్రసాద్ డ్యూటీ వారంవారం మారేకొద్దీ ఇంటి అన్నాలు, నిద్రలు, చివరికి పోపు వేసే వేళ కూడా మారేవి.

సౌజన్య పొద్దుటిపూటనే కోరడానికి ఆమె నోరువిప్పి చెప్పని కారణమొకటి ఉంది. శ్వేత పుట్టిన నాటినుంచి ఆమె ఏకాంతమన్నది ఎరుగదు. వంటింట్లో ఉంటే "మమ్మీ", వాకిట్లో ఉంటే "మమ్మీ", కళ్లు మూసుకుంటే రెప్ప పైకెత్తి లోపలికి చూసి "మమ్మీ". పొద్దుటిపూట అత్తగారు రామమందిరంలో భజనకు పోతుంది. భర్త అయితే మిల్లులో ఉంటాడు, లేదా సీ షిఫ్టు దిగి వచ్చి చుట్టచుట్టి పెట్టిన పరుపులా నిద్రపోతుంటాడు. మిగిలిన శ్వేత కూడా ఆ వేళకు బడికి పోతే, ఇల్లంతా తనది. ఎవరూ పిలవని ఆ కాసేపటికోసం సౌజన్య సర్వసన్నద్ధురాలైంది. మధ్యాహ్నమైతే లాభంలేదు. అత్తగారు తిరిగి వస్తుంది, వెనకే పక్కింటి కాంతం వస్తుంది, టీవీలో సీరియల్ వస్తుంది.

అమ్మణ్ణికీ ఒక రహస్యం లేకపోలేదు. సరిగ్గా ఆ సీరియల్ వేళకే శ్వేత రిమోటు లాక్కొని కార్టూన్లు పెట్టిస్తుంది. మధ్యాహ్నం ఆ గుంటపిల్ల బడిలో ఉంటే, సీరియల్లో కోడలు పడే కష్టాలను అమ్మణ్ణి మనశ్శాంతిగా చూడగలదు.

ఇంతటి స్వార్థాలు గుండెల్లో దాచుకొని, ఇద్దరూ పిల్ల క్షేమమనే తెల్లజెండా కిందనే యుద్ధానికి దిగారు. అది దుర్గాప్రసాద్ సెలవురోజు. అన్నాల వేళ.

"పొద్దుటేల పిల్లల బుర్ర తాజాగా ఉంటాదత్తమ్మా. చెప్పింది చెప్పినట్టు ఎక్కుతాది," అని సౌజన్య సాంబారు వడ్డిస్తూ ప్రథమబాణం సంధించింది.

"ఏటెక్కుతాదే? ఆ గుంటకి ఇప్పుడే ఏటెక్కించేత్తావు? కలెట్రు పరీచ్చకా? మాగమాసం సలిలో, పొగమంచులో, కల్లు తెరవని పిల్లని ఆటోలో కుదేసి పంపేత్తావా? దాని ముక్కు కారితే ఆ టీచరమ్మ తుడుత్తాదా?"

"మరి మే నెలలో మిట్టమధ్యాహ్నం వడగాలికి పంపుతామేటి? మాడిపోదూ పిల్ల?"

"టోపీ ఎడతాం!"

"అయితే చలికి స్వెట్టరేద్దాం!"

ఈ విధంగా శిరస్త్రాణానికీ కవచానికీ నడుమ ఘోరమైన ద్వంద్వయుద్ధం సాగుతుండగా, మజ్జిగలోకి మిరపకాయ నంజుకుంటున్న దుర్గాప్రసాద్, ఉక్కునైనా వంచగలిగినవాడు గనక, శాంతిస్థాపనకు సాహసించాడు. "అరే, ఎందుకీ గోల? పొద్దున్న మంచిదే, మద్దేన్నమూ మంచిదే."

"నువ్వు తిను," అన్నారు ఇద్దరూ. ఆ రోజుకు వారు ఏకీభవించినది ఆ ఒక్కమాట మీదనే.

అంతలో కరివేపాకు రెమ్మకోసం పక్కక్వార్టరు కాంతం దొడ్డిగుమ్మం గుండా ప్రవేశించింది. ఏ ఇంటిలో యుద్ధం ముదిరితే ఆ ఇంటికి సరిగ్గా ఆ క్షణానికే ఏదో ఒకటి అరువుకు వచ్చే వార్తాహరశిరోమణి ఆమె. "ఇంకా తేల్చలేదేటమ్మా? కాసిడీహ్‌ బడిలో సీట్లు నిండిపోతన్నాయంట. పొద్దుటిది నిన్నే సగం అయిపోయిందంట. మీరలగే కూకోండి," అని నిప్పులో నెయ్యి పోసి, రెమ్మకు బదులు కొమ్మే విరుచుకొని నిష్క్రమించింది.

ఇక కాలయాపనకు తావులేదని గ్రహించి, వివాదకారణమైన బాలికనే సాక్షిగా పిలిచారు. "సెప్పమ్మా, నువ్వు ఎప్పుడెల్తావు బడికి? పొద్దున్నా, మద్దేన్నమా?" అని నాన్నమ్మ బుగ్గ నిమిరింది.

"మై నహీ జాఊంగీ," అని పక్షం వహించకుండానే, అసలు వెళ్లనే వెళ్లనని తేల్చి, శ్వేత బల్లకింద దూరింది.

అప్పుడు రెండు జతల కళ్లూ దుర్గాప్రసాద్ మీద వాలాయి. పారిపోవడానికి ఆనాడు డ్యూటీ కూడా లేదు. ఆ దుర్దినాన అతడు తనకు తెలిసిన ఏకైక శాస్త్రాన్ని ఆశ్రయించాడు.

"సూడమ్మా. కంపెనీలో జనమంతా ఏ షిఫ్టుకోసం సూపర్‌వైజరు సుట్టూ తిరుగుతారు. బీ షిఫ్టోడికి పెల్లిల్లు లేవు, పేరంటాల్లేవు. సీ షిఫ్టోడికి పగలే రాత్రి. దేవుడు దయతలిచి ఏ షిఫ్టు దొరుకుతంటే ఒద్దనేవోడుంటాడా? గుంటని ఏ షిఫ్టులో ఏసేయండి."

మొదటినుంచీ ఆ ఇంట 'ఏ' షిఫ్టు మీద ఎదురుమాట లేదు. అమ్మణ్ణి చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. అమ్ములపొదిలో అట్టడుగున దాచి ఉంచిన మహాస్త్రాన్ని మెల్లగా బయటికి తీసింది. "సరే. సేసుకోండి. నానెవుర్ని?"

ఆ "నానెవుర్ని?" దెబ్బకు దుర్గాప్రసాద్ మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాడు. సౌజన్య మాత్రం చలించలేదు.

మరునాడే, ఇస్త్రీచీర కట్టి, జడ బిగించి, ఆటో ఎక్కి, సాక్చీ సంతలోని ఎడ్లనూ ఈ-రిక్షాలనూ చీల్చుకొని, కాసిడీహ్‌లోని ఆ విద్యాదుర్గం చేరి, తల్లుల మహాసైన్యం నడుమ మోచేతులే ఆయుధంగా ముందుకు సాగి, ఆమె గుమాస్తా కిటికీ ముందు నిలిచింది.

"కౌన్ సా బ్యాచ్, మేడమ్?" అని గుమాస్తా తలెత్తకుండా అడిగాడు.

మిల్లు ఇల్లాలికి సహజమైన ధీమాతో, ఒకే ఒక్క అక్షరంలో, ఇంటి మొత్తం యుద్ధఫలితాన్ని ఆమె ప్రకటించింది. "ఏ."

"ఏ? పక్కా?"

"పక్కా."

ముద్ర పడింది. తనకంటే వెనక నిలుచున్న తల్లి "ఎమ్" అని అరవడం సౌజన్య విన్నది. పాపం, ఎమ్ అనే షిఫ్టు ఏ కంపెనీలో ఉంటుందో, ఆ పిల్ల తండ్రి ఎంత కష్టపడుతున్నాడో అని జాలిపడింది కూడా.

ఏప్రిల్ వచ్చింది. బడి తెరిచే ఉదయాన, ఏ షిఫ్టుకు దుర్గాప్రసాద్ అప్పటికే వెళ్లిపోయాక, నిద్రలో ఉన్న శ్వేతకు నిద్రలోనే యూనిఫారం తొడిగి, నిద్రలోనే రిబ్బన్లు బిగించి, రొమ్మున రుమాలు పిన్నుతో గుచ్చి, వాటర్‌బాటిల్‌ను శతఘ్నిలా భుజాన వేలాడదీసి, సౌజన్య బయలుదేరింది. పిల్ల ఏడ్పు చూసి కోడలు పశ్చాత్తపించే శుభఘడియను కళ్లారా చూడాలని అమ్మణ్ణి వెంట వచ్చింది. ఎవరు ఏడ్చినా చూడవచ్చునని కాంతమూ ఆటో ఎక్కింది.

గేటు దగ్గర గార్డు పిల్ల మెడలోని బ్యాడ్జీ చూసి చెయ్యి అడ్డంపెట్టాడు. "అభీ కహా, మేడమ్? ఏ బ్యాచ్ తో దోపహర్ మే ఆయేగా."

"దోపహర్?" మధ్యాహ్నమన్న ఆ మాటకు సౌజన్య కనుబొమ్మలు ధనుస్సులయ్యాయి. "ఏ షిఫ్ట్ తో సుబహ్ కా హోతా హై!"

"కంపెనీ మే హోతా హోగా," అన్నాడు గార్డు, ఇలాంటి మిల్లు ఇల్లాళ్లను పొద్దుటినుంచి ఎందరినో తిప్పిపంపిన అలసటతో. "యహా ఎమ్ మానే మార్నింగ్, ఏ మానే ఆఫ్టర్‌నూన్. ఔర్ ఎమ్ ఫుల్ హై."

భూమి కంపించలేదు. ఆకాశం విరగలేదు. ఒక అక్షరం మాత్రం అటునుంచి ఇటు తిరగబడింది. పొద్దుటిపూట అనే కోటను గెలిచి, తాళంచెవిని స్వహస్తాలతో శత్రువుకు అప్పగించి వచ్చిన సేనాని వలె, సౌజన్య ఆ గేటుముందు నిలిచిపోయింది.

అమ్మణ్ణి నవ్వు సాక్చీ గోలచక్కరు కూడలి దాకా వినిపించి ఉండాలి. "ఒలమ్మో! సూసావేటే కాంతం! సదూకున్నాది మా కోడలు! నానేటన్నాను? మద్దేన్నం బడే మంచిదన్నానా లేదా? రాముడున్నాడే, పైనుంచి సూత్తన్నాడు!"

"సూత్తన్నాడొదినా, సూత్తన్నాడు," అని కాంతం తాళం వేసింది.

పరాజయమనే పెనుచీకటిలో సౌజన్య మనస్సు ఈ విధంగా విలపించసాగింది: 'హా, ఏకాంతమా! పొద్దుటి పసిడిగడియల సామ్రాజ్యమా! ఇక ప్రతి ఉదయమూ ఈ పిల్ల నా కాళ్లకు అడ్డం, ప్రతి మధ్యాహ్నమూ ఈ అత్త నా చెవులకు అడ్డం! నన్ను ఎవరూ పిలవని వేళ ఇకనేది?' అంతలో, ఆ విలాపం సగంలో ఉండగానే, అత్తగారి విజయగర్వాన్ని చూసిన ఆమె సూక్ష్మదృష్టికి, కందిపప్పులో ఇసుకరేణువులాగా, ఒకటి తళుక్కుమంది. ఆమె వెంటనే తలవంచింది. గొంతు బొంగురు చేసుకుంది.

"మీరే గెలిచారత్తమ్మా. నాకే తెలియలేదు. కానీ ఇప్పుడు పొద్దుటంతా పిల్లని ఎవరు పట్టగలరు? నావల్ల కాదు. పొద్దుటి సీటుకోసం ప్రిన్సిపాల్ కాళ్లమీద పడతాను."

గెలిచిన కోటను ఎవరు విడుస్తారు? అమ్మణ్ణి, కాంతం ఎదుట, గార్డు ఎదుట, గేటు దగ్గర ఏడుస్తున్న పిల్లల సమస్తసేన ఎదుట, కొంగు నడుముకు దోపి, కుడిచెయ్యి పైకెత్తి భీషణప్రతిజ్ఞ చేసింది. "ఎవులి కాల్లమీదా పడక్కర్లేదు! నాన్లేనేటి? రేపన్నుంచి పొద్దుటేల గుంట నాది! నాతో బజనకి తీస్కెల్తాను, పెసాదం పెట్టిత్తాను, అన్నం కుడిపించి మద్దేన్నానికి బడికాడ దింపేత్తాను. నువ్వు ఏలెట్టక్కర్లేదు. ఇన్నావేటే కాంతం, నా మాట?"

"ఇన్నానొదినా. ఊరంతా ఇంటాది," అని కాంతం సాక్షిగా నిలిచింది. కాంతం విన్న మాటను వెనక్కి తీసుకోవడం ఏ వీరుడికీ సాధ్యం కాదు.

"రేపటినుంచేనా అత్తమ్మా?" అని సౌజన్య కళ్లు తుడుచుకుంది, అవి పొడిగానే ఉన్నా.

"రేపెందుకు? ఇయ్యాల్టినుంచే!"

ఆటో తిరిగింది. అప్పుడే నిద్రలేచిన శ్వేత "ఘర్ చలే?" అని ఆశగా అడిగింది. ఇల్లు కాదు, మందిరమని తెలిసి కూడా, బెల్లం పొంగలి పేరు వినగానే నాన్నమ్మ ఒడిలో సర్దుకుంది. భజనబృందం, బాలికాసమేతంగా, బిష్టుపూర్ రామమందిరం దిక్కుగా సాగిపోయింది. ముఖాన పరాజయాన్ని చెక్కుచెదరకుండా మోస్తూ సౌజన్య వేరే ఆటో పిలిచింది. వాళ్ల ఆటో మలుపు తిరిగాకనే ఆ ఓటమి ముఖాన్ని దించి పక్కనపెట్టింది.

తాళం తీసింది. ఇంట్లో ఎవరూ లేరు. ఒక గదిలో నిలబడి విన్నది. ఇంకో గదిలో నిలబడి విన్నది. ఫ్రిజ్ ఒక్కటే గురగురలాడుతోంది.

అప్పుడా వీరాంగన బక్కెట్టు నిండా నీళ్లు పట్టి, కుంకుడుకాయ చితక్కొట్టి, స్నానాలగదిలోకి ప్రవేశించి, శ్వేత పుట్టిన తర్వాత మొట్టమొదటిసారిగా, లోపలినుంచి గడియ పెట్టుకుంది. అత్తను జయించలేదు. బడిని జయించలేదు. ఇంగ్లీషు వర్ణమాలలో మొదటి అక్షరం చేతిలో చిత్తుగా ఓడింది. అయినను దిగంతాలన్నీ వినుగాక, దల్మా కొండలు మారుమోగుగాక: అగ్రికో క్వార్టర్లలో ఆ ఉదయాన సౌజన్య తీరిగ్గా తలంటి పోసుకుంటుండగా, మొదటి చెంబు నుంచి చివరి చెంబు వరకు, ఆ తలుపును ఎవరూ కొట్టలేదు!