ఆగిన పత్రికలు

గురువారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెడుతూ సుబ్బయ్య భార్యతో గట్టిగా చెప్పాడు. "ఈ పొద్దు పెండ్లి పత్రికల మీద పేర్లు రాసేది మొదలుపెడ్తా."

"పోయిన గురువారం గూడా ఇదే అంటివి," అంది శివకుమారి.

కూతురు ప్రణీత పెళ్లికి ఇంకా పద్దెనిమిది రోజులే ఉంది. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే సుబ్బయ్యకు పది లారీలు లోడు చేయించడం పెద్ద పని కాదు. నాలుగు వందల పత్రికల కట్ట చూస్తే మాత్రం చేతులాడవు. ముందు ఎవరి పేరు రాయాలి? ఎవరిని మరిచిపోతే ఎవరు అలుగుతారు? ఆలోచిస్తూ బల్ల జరిపాడు, పెన్ను మార్చాడు, మళ్లీ బల్ల జరిపాడు.

అంతలో డోన్ నుంచి అక్క సుంకమ్మ ఫోన్ చేసింది. "ఏమ్రా, పత్రిక ఇంగా రాలేదే? ఏమైంది?"

రాయలేదని చెప్పడానికి నామోషీ అనిపించింది. "కొంచెం ఆగినాయిలే అక్కా, మళ్లా చెప్తా," అని పెట్టేశాడు.

ఆ మాట సుంకమ్మ నోట బయటపడేసరికి "పెండ్లి ఆగిపాయెనంట" అయింది. గంటలో బేతంచెర్లకు తిరిగొచ్చింది. వీధివీధంతా ఇంట్లోకి వచ్చేసింది. ఒకావిడ శివకుమారిని వాటేసుకుని, "బంగారట్లా పిల్ల! ఇంగో సంబంధం దొరుకుతాదిలేమ్మా," అని ఏడ్చింది.

నోట్లో బ్రష్షుతో బయటికొచ్చిన ప్రణీత అడిగింది. "ఎవురికి సంబంధం?"

పెళ్లి ఆగలేదని సుబ్బయ్య ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. "అట్లయితే పత్రిక యాడుండాదప్పా?" అన్నాడు ఎదురింటి ఓబుళేశు. ఇక తప్పక సుబ్బయ్య కట్ట విప్పి, ఓబుళేశు పేరు రాసి చేతికిచ్చాడు. వెనకావిడ చెయ్యి చాచింది. ఆమెకూ రాశాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి పేరు రాయడమే గనక ఆలోచించే పనే లేకపోయింది. పదకొండు గంటలకల్లా అరవై అయ్యాయి. ఇంత సులువా అని ఆయనే బిత్తరపోయాడు.

అప్పుడే గుమ్మం ముందు కారు ఆగింది. పెళ్లికొడుకు తండ్రి పెద్ద ఈరన్న పాలిపోయిన మొహంతో దిగాడు. సుబ్బయ్య పెన్ను పక్కన పడేసి ఎదురెళ్లాడు.

"బావా, పెండ్లి ఆగలేదు. ఆగింది పత్రికలే. బద్దకం నాది, పిల్లది ఏం తప్పు లేదు. మనసులో పెట్టుకోవద్దు," అన్నాడు చేతులు పట్టుకుని.

ఈరన్న కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ మాట వినంగానే శానా బాధపడితి బావా," అన్నాడు. "ఒక్క నిమిషం మాత్రం పానం నెమ్మదించె."

కారు డిక్కీ తెరిచి చూపించాడు. "మావి ఆరు వందలు. కట్టిన దారం గూడా ఇప్పలేదు."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరు పేరు చెబితే ఒకరు రాశారు. శనివారానికి వెయ్యి పత్రికలూ అయిపోయాయి. వంటవాళ్లను మాట్లాడే పని మాత్రం, ఇద్దరూ కలిసి, వచ్చే గురువారానికి పెట్టుకున్నారు.